ఎర్ర కడియం పిట్ట

"నా పిట్టని చెవిటిదాన్ని చేసేశారు డాక్టరమ్మా! కాదంటే నా కళ్ల ముందే తేల్చండి" అంటూ సుమైలి డాక్టరు గుడారం గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

పక్షుల డాక్టరు లూర్దెస్ ఏదో జవాబు చెప్పింది. మాపుటో పట్నం మనిషి, ఈమధ్యే ఇక్కడి యావో భాష నేర్చుకుంది. సగం మాటలు మింగేస్తుందని సుమైలికి విసుగు. మేనల్లుడి వైపు తిరిగాడు.

"ఏమంటోందిరా?"

"పొద్దున నీ పిట్టే వలలో పడిందట మావయ్యా. మళ్లీ మత్తిచ్చి చెవులు చూస్తుందట" అన్నాడు అసుమాని బొంగురు గొంతుతో.

"మళ్లీ మత్తా! అప్పుడు చేసిన నిర్వాకం చాలలేదూ?"

ఆరేళ్లుగా ఆ తేనెపిట్టది, సుమైలిది ఒకే జట్టు. అతను అడవిలో పిలుపు వేస్తే అది కిచకిచలాడుతూ వచ్చి, చెట్టు చెట్టుకీ ఎగురుతూ తేనెపట్టు దగ్గరికి తీసుకెళ్లేది. తేనె అతనికి, మైనం దానికి. కిందటి ఎండాకాలం లూర్దెస్ అడిగిందని దాని చోటు చూపించింది అతనే. ఆమె దానికి మత్తిచ్చి, వినికిడి కొలిచి, కాలికి ఎర్ర కడియం తొడిగి వదిలేసింది. ఆ తర్వాత అది పలికితే ఒట్టు.

"పెళ్లాం పోయింది, ఇప్పుడు పిట్టా విడాకులిచ్చింది" అని ఊళ్లో నవ్వారు. సుమైలి ఒంటరిగా అడవికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తున్నాడు. తేనె పోయినందుకు కాదు అతని ఏడుపు. నమ్మి వచ్చినదాన్ని తనే పట్టిచ్చాడు.

లూర్దెస్ పిట్టకి మత్తుగాలి పట్టించి, వెచ్చటి గుడ్డలో చుట్టింది. ఒళ్లు చల్లబడితే చెవి నెమ్మదిస్తుందట. దాని తలకి యంత్రం తాలూకు సన్నటి తీగలు తగిలించి, సుమైలికి సైగ చేసింది.

"బ్ర్‌ర్‌ర్... హ్మ్!" అన్నాడు అతను.

యంత్రం తెర మీద గీత ఎగిరిపడింది.

"నీ పిలుపు నిద్రలో కూడా వింటోందట మావయ్యా! మత్తులో కాస్త మందగించినా, మెలకువొస్తే మామూలేనట."

సుమైలి కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లకి గుండెలమీది బరువు దిగింది.

పిట్ట తేరుకున్నాక గుడారం బయట వదిలారు. అది రివ్వున ఎగిరి ఎదురుగా ఉన్న చెట్టు ఆకుల్లో దూరింది. సుమైలి కింద నిలబడి, వయసులో ఉన్నప్పటిలా ఛాతీ నింపుకుని పిలిచాడు. చెట్టు మీంచి అతనికి ఏ పలుకూ వినబడలేదు. మళ్లీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు.

"చెవులు బాగానే ఉన్నాయన్నారుగా" అన్నాడు. "అయితే విని కూడా పలకడం లేదన్నమాట. నేను చేసిన పని అది మర్చిపోలేదురా."

అతను చెట్టుకి చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది తల్లీ. తేనె నాకొద్దు. ఒక్కసారి పలుకు, చాలు."

లూర్దెస్ కొమ్మల్లోకి చూసి, అతని వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అసుమాని దగ్గరికొచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"మావయ్యా... అది ఇందాకట్నించీ అరుస్తూనే ఉంది."