ఆస్పత్రి సాకు

పదిన్నర కాకముందే నాగభూషణ పెనుకొండ కోర్టు వరండాలో ఇరవైసార్లు అటూ ఇటూ తిరిగేశాడు.

కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే నీళ్ళు తాగాలనిపిస్తోంది. తాగితే మళ్ళీ కూర్చోవాలనిపిస్తోంది.

పుట్టి బుద్ధెరిగాక కోర్టు మెట్లెక్కడం ఇదే మొదలు. హైవే మీద కెమెరా పట్టేసింది. ఎనభై దాటకూడని చోట తొంభై ఎనిమిది! చలానా వస్తే "ఏమైతాదిలే" అని నాలుగు నెలలు నాన్చాడు మహానుభావుడు. ఏమైంది? సమన్లు ఇంటికొచ్చాయి.

ధర్మవరంలో చీరల వ్యాపారి గంగాధరప్ప దగ్గర వ్యాను తోలడం అతని పని. లైసెన్సు పోయిందంటే మర్నాడే ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. గంగాధరప్ప ఆ మాట దాచుకోకుండా మొహం మీదే చెప్పాడు.

"ఏమబ్బా, నువ్వు తిరిగేది చూసి నాకు కండ్లు తిరుగుతాండాయి. కూచో," అన్నాడు బెంచీ మీది పెద్దాయన.

తెల్ల పంచె, మాసిన గడ్డం. చంకలో ప్లాస్టిక్ కవరు. పొద్దుటి నుంచీ ఆ మనిషి కదల్లేదు.

నాగభూషణ కూర్చున్నాడు. "నాది స్పీడు కేసు. నీదేం కేసు పెద్దప్పా?"

"నాదీ అదే."

"యా ఊరు?"

"రొద్దం పక్కన. తిమ్మప్ప అంటారు."

"ఈ వయసులో నీకేం తొందరొచ్చె పెద్దప్పా?" నాగభూషణ పకపకా నవ్వాడు.

తిమ్మప్ప నవ్వలేదు. "లోపల జడ్జమ్మ అడిగితే ఏం చెప్తావు?"

నాగభూషణ గొంతు తగ్గించాడు. "మా స్నేహితుడు నేర్పించినాడు. నాయనకు గుండెనొప్పి, ఆస్పత్రికి తీస్కపోతాంటి అంటే ఎంత జడ్జయినా కరుగుతారంట."

"మీ నాయనకు బాగలేదా?"

"ఆయప్పకేం? గుండ్రాయి మాదిరి ఉండాడు."

"మరి ఆ పొద్దు అంత జోరుగా యాడికి పోతాంటివి?"

"ముహూర్తం చీరలు పెద్దప్పా! తెల్లారి ఐదింటికి మగ్గం దిగినాయి. ఎనిమిదికి హిందూపురంలో పెండ్లి. నేను పోకుంటే పెండ్లికూతురు ఏం కట్టుకోవల్ల?"

"అదే చెప్పు. జడ్జమ్మ కూడా ఆడమనిషే కదా, అర్థమైతాది."

"చీరలంటే ఎవురు జాలిపడతారు పెద్దప్పా?"

తిమ్మప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకేమన్నా చెప్పుకో అబ్బా. ఆస్పత్రి మాట మాత్రం వద్దు."

"చెప్తే నీకేం పోతాది?" నాగభూషణ చెయ్యి విదిలించుకున్నాడు. ముసలాయనకు చాదస్తం ముదిరింది అనుకున్నాడు.

"నాగభూషణ! నాగభూషణ! నాగభూషణ!" బంట్రోతు మూడు కేకలు వేశాడు.

లోపలికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు ఒప్పుకుంటున్నావా?" జడ్జమ్మ అడిగింది.

"ఒప్పుకుంటా మేడం. కానీ ఆ పొద్దు మా నాయనకు గుండెనొప్పి మేడం. పక్క సీట్లో కూచోబెట్టుకోని ఆస్పత్రికి పోతాంటి..."

ఆమె ఫైల్లోంచి కెమెరా తీసిన ఫొటో బయటికి లాగింది. ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది.

"పక్క సీట్లో పైకప్పు దాకా చీరల మూటలే ఉన్నాయి. మీ నాన్నగారు ఏ మూటలో ఉన్నారు?"

కోర్టు గొల్లుమంది. ప్లీడర్లు నవ్వారు, పోలీసులు నవ్వారు, గుమస్తా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"పొద్దుటి నుంచి ఇది నాలుగో గుండెనొప్పి," అందామె. "ఇక ఆస్పత్రి అని ఎవరన్నా నాకూ నవ్వే వచ్చేట్టుంది."

మళ్ళీ నవ్వులు. నాగభూషణ సిగ్గుతో చచ్చిపోయాడు.

"మొదటి తప్పు కాబట్టి జరిమానాతో వదిలేస్తున్నా. ఇంకోసారి వస్తే లైసెన్సు ఉండదు. వెళ్ళు."

సిగ్గు ఎగిరిపోయింది. లైసెన్సు నిలబడింది! నవ్వితే నవ్వారు, తన సొమ్మేం పోయింది?

"తిమ్మప్ప! తిమ్మప్ప! తిమ్మప్ప!"

గుమస్తా దగ్గర సంతకం పెడుతూ నాగభూషణ తల తిప్పి చూశాడు. పెద్దాయన మెల్లగా వచ్చి నిలబడ్డాడు.

"నూట ఇరవై రెండా!" జడ్జమ్మ కనుబొమలు ముడిచింది. "ఇంత వేగానికి కారణం ఏమిటి?"

తిమ్మప్ప నోరు తెరిచాడు. వెనక బెంచీలో ఎవరో ఇంకా నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు. ఆయన అటు చూశాడు.

"ఏమీ లేదు తల్లీ. తప్పే."

"పెద్దవారు. ఏదైనా ఉంటే చెప్పండి, వింటాను."

"ఏమీ లేదు."

జరిమానా వేసి, మూడు నెలల పాటు లైసెన్సు సస్పెండు చేసింది.

నాగభూషణకు పట్టరాని హుషారు వచ్చింది. బుద్ధులు చెప్పిన మనిషి లైసెన్సు పోగొట్టుకున్నాడు, అబద్ధమాడిన తాను దక్కించుకున్నాడు. ఈ ముక్క ఆయన ముందు అనకపోతే ఎట్లా? గేటు దాకా పరుగెత్తాడు.

గేటు బయట తిమ్మప్పను ఆయన కూతురు నిలదీస్తోంది. ఆయన వీపు ఇటువైపు ఉంది.

"డాక్టరు రాసిచ్చిన కాగితాలు చూపించలేదా నాయనా?"

"లేదమ్మా."

"ఎందుకు? జడ్జమ్మకు అంతా చెప్పుకుంటానని రేయంతా నిద్ర పోకుండా ఉంటివే!"

"నాకు ముందర ఒక పిల్లోడు ఉత్తుత్తి ఆస్పత్రి కథ చెప్పినాడు. అందురూ నవ్వినారు," తిమ్మప్ప పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. "నా ఎనక సీట్లో పానం ఇడిసిన మీ అమ్మ పేరెత్తితే, మల్లా అట్లే నవ్వుతారేమోనని గమ్మునుంటినమ్మా."