కట్టేసిన ఊరు

సెల్‌ఫోన్‌లో బంతి ఇంకా తన్నకముందే వెనక నుంచి ఎవరో అన్నారు.

“కుడేపు పడు, గుంటా.”

ఫోన్‌లో సోని కుడివైపు దూకింది. బంతి చేతికి చిక్కింది.

కనక తిరిగి చూసింది. ఎన్నడూ చూడని మనిషి. మంచులో సగమే కనిపిస్తున్నాడు.

అరకు కొండల్లోని ఆ ఊరికి సిగ్నల్ అందేది ఈ బండ మీదే. కనక కూతురు సోని దేశం తరఫున గోల్ కాస్తోంది. దక్షిణాసియా అమ్మాయిల ఫైనల్. రెండు ఆటలు, రెండింటి గోల్సూ కలిపి గెలుపు. మొదటిది నేపాల్లో.

“ఎడమేపు.”

సోని మళ్లీ ఆపింది.

ఊరికి మంచీచెడూ చూసే దిసారి యర్రయ్య కసురుకున్నాడు.

“ఎవుడ్రా నువ్వు? గుంటకి దిష్టెడతన్నావు. నోర్ముయ్!”

అతను నోరు మూశాడు.

తర్వాతి బంతి గోల్లో పడింది. ఆట ఒకటి–సున్నాతో పోయింది.

“సూసినావా కనకా? కొత్తోడి దిష్టే!”

“ఈ కప్పు రాకపోతే దాన్ని టీములో ఉంచరంట మావా. ఏటి సెయ్యడం?”

“రెండో ఆట నాడు ఊరు కట్టేద్దుం.”

రెండో ఆట నాటి పొద్దున యర్రయ్య దారికి అడ్డంగా వెదురు కట్టి మామిడాకులు గుచ్చాడు. ఇక బయటివాళ్లెవరూ లోపల అడుగు పెట్టకూడదు.

సాయంత్రం కనక బండ ఎక్కబోతుంటే ఆ కొత్త మనిషి వెదురు అవతల నిలబడి ఉన్నాడు.

“నన్నా బండకాడికి ఎల్లనీ అమ్మా. గుంట గోల్లో ఒక్కత్తే ఉంది.”

“టీములో ఇంకా పదిమందున్నారు బాబూ. నువ్వొకడివే తక్కువా? ఎల్లిపో!”

చలికి కనక నోట్లోంచి ఆవిరి వస్తోంది. అతని నోట్లోంచి రావడం లేదు.

వెదురు మోకాలెత్తు కూడా లేదు. అయినా అతను దాటలేదు.

రెండో ఆట రెండు–సున్నాతో పోయింది. రెండుసార్లూ సోని ఒకవైపు దూకితే బంతి మరోవైపు వెళ్లింది.

చీకటి పడుతుండగా సోని ఫోన్ చేసింది. ఏడవడం లేదు.

“అమ్మా, నేపాల్లో గోల్ వెనకాల మాస్టారి గొంతు ఇనిపించింది. ఎటు పడమంటే అటు పడ్డాను. ఇయ్యాల ఎంత సేపు సూసినా ఇనిపించలేదు.”

“ఏ మాస్టారే?” కనక వెదురు వైపు తిరిగింది.

“నాకు గోల్ కాయడం నేర్పినోరమ్మా… పోయిన వానల్లో, నా కేంపు కాయితం మీద నీ యేలిముద్ర కోసం మనూరొస్తా గెడ్డలో కొట్టుకుపోయిన మా హాస్టల్ వాచ్‌మన్, ఫల్గుణ మాస్టారు.”