మీటరు చెప్పిన మెరుపు

"ఇంకోసారి పెట్టి చూడమ్మా," అన్నాడు సూర్యప్రకాశరావు.

జమున ఫిల్ము ముక్కను ముడతల్లేకుండా బల్ల మీద పరిచింది. మెరుపు కొలిచే, అరచేతిలో పట్టే మీటరును దాని మీద ఆనించి మీట నొక్కింది. ఇది ఐదోసారి.

"ఎనభై తొమ్మిదే సార్. ఎనభై అయిదు దాటితె చాలు కదా."

రావు ఆ ముక్కను రెండు చేతులా పట్టుకుని ట్యూబ్‌లైటు కిందికి నడిచాడు. బిస్కెట్ పొట్లాలకు చుట్టే ఫిల్ము అది. గోదావరిఖని పొలిమేరలోని ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా, మీటర్లు లేని రోజుల నుంచీ, ఆయన నాణ్యత చూసే పద్ధతి ఇదే. ఫిల్ము మంచిదైతే అందులో ట్యూబ్‌లైటు ప్రతిబింబం గీత గీసినట్టు కనిపించాలి. ఇవాళ ఆ గీత అంచులు అలుక్కుపోయి ఉన్నాయి.

"నీకెలా కనిపిస్తోంది?"

జమున తొంగి చూసింది. "మంచిగనే ఉన్నది సార్. నేనొచ్చి నెల రోజులేనాయె. ముందు ఎట్లుండెనో నాకెర్క లేదు."

"పొద్దున మీటరు సరిచేశావా?"

"షిఫ్టు ఎక్కంగనే చేసిన. మీటరుతోని వచ్చిన నల్లగాజు పలక మీద వెట్టి, దాని మీద రాసున్న అంకెకు కలిపిన. పలక మీద బొగ్గు దుమ్ము వడ్తున్నదని రోజు గట్టిగ రుద్ది తుడుస్తున్న గూడ."

పిల్ల పనిలో వంక పెట్టడానికేమీ లేదు. రావు ఫిల్మును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్లీ చూశాడు.

ఇంతలో మేనేజరు వేణుమాధవ్ లోపలికొచ్చాడు.

"రావుగారు, మూడు లార్లు గేటు కాడ నిలవడ్డయి. మాల్ ఇయ్యాల పోకుంటె వచ్చే ఏడాది ఆర్డరు పోతది. అరవై మంది దీని మీదనే బతుకుతున్నరు. ఏంది ఆలస్యం?"

"ఫిల్ము మసగ్గా ఉందండీ."

"మీటరు ఏమంటున్నది?"

"బాగుందనే అంటోంది."

"మరింకేంది?"

"మీటరన్నా తప్పయి ఉండాలి, నా కళ్లన్నా తప్పయి ఉండాలి."

వేణుమాధవ్ జమున వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీటరు కొని నెలే ఆయె సార్. మీకేమో అరవై దగ్గర వడ్తున్నయి. తప్పుగ అనుకోకుండ్రి, ఒక్కపారి దవాఖానల కండ్లు చూపెట్టుకోండ్రి."

ఆ మాట మామూలుగానే అన్నాడు. రావుకు మాత్రం తండ్రి గుర్తొచ్చాడు. ఆయనకు యాభై తొమ్మిదో ఏట నీటికాసుల జబ్బొచ్చి చూపు పోయింది. తెనాలిలో ఆ పెద్దాయన గోడలు తడుముకుంటూ నడవడం రావు ఎనిమిదేళ్లు చూశాడు. ఇప్పుడు తనకూ యాభై తొమ్మిదే.

వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఎండకు గాలి ఉడికిపోతోంది. ఎడమ కన్ను మూసి దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాల వైపు చూశాడు. మసక. కుడి కన్ను మూసి చూశాడు. అదీ మసకే. నిన్న మొన్నటి దాకా ఎలా కనిపించేవో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. ఇన్నేళ్లలో వాటినెప్పుడూ అలా పరీక్షగా చూసింది లేదు.

నాలుగడుగులు వేశాడు, వెనక్కి తిరిగాడు. గోడ మీది బోర్డు చదివాడు. చదవగలిగాడు. అక్షరాలు కనిపించాయా, నోటికొచ్చినవి అప్పజెప్పాడా? అది తేలలేదు. చూపు తగ్గిన సంగతి తండ్రికీ మొదట్లో తెలియలేదు. తను ఏరిన పప్పులో రాళ్లున్నాయని ఇంట్లోవాళ్లంటే వాళ్ల మీదే కసురుకునేవాడు. తనూ ఇప్పుడు చేస్తున్నది అదేగా?

గేటు దగ్గర లారీ హారను కొట్టింది. కొట్టిందే కొట్టింది.

రావు లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మూడు లారీల కాగితాల మీదా సంతకాలు పెట్టాడు. తర్వాత రిజిస్టరు తీసి కొత్త పేజీలో రాశాడు: "ఇకమీదట మీటరు అంకె సరిపోతే మాల్ వదలవచ్చు. కంటితో చూడనవసరం లేదు."

ఇరవై ఆరేళ్ల పని రెండు వాక్యాల్లో అయిపోయింది. కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"గట్ల రాసిన్రేంది సార్?" అంది జమున.

"కళ్లు సరిగా లేనివాడు ఈ కుర్చీలో కూర్చుని నలుగురి పనికి అడ్డుపడకూడదమ్మా."

మధ్యాహ్నం కంటి దవాఖానకు వెళ్లాడు. భార్య అరుణకుమారి ముందే వచ్చి చీటీ రాయించి ఉంచింది. చుక్కలు వేశారు. గడ్డం ఆనించి మిషనులోకి చూడమన్నారు. చీకటి గదిలో చిన్న దీపాలు వెలిగిస్తూ, వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఒక్కటి తప్పిపోయినా చాలు, అదే ఆఖరన్నట్టు ఆయన మీటను పట్టుకున్నాడు.

బయట బెంచీ మీద ఎదురుచూస్తుండగా ఫోను మోగింది. జమున.

"లార్లు సుల్తానాబాద్ దాటినయట సార్. ఆర్డరు దక్కినట్టే అంటున్నరు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"మంచిదమ్మా," అన్నాడు. పొద్దుట్నుంచీ గుండె మీదున్న బరువు కొంచెం దిగినట్టయింది. తన పాత కళ్లను నమ్ముకుని అరవై మంది పొట్ట కొట్టలేదు. అంతే చాలనుకున్నాడు.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. కాగితాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచి, రెండుసార్లు చూసింది. అరుణకుమారి భర్త మోచేయి పట్టుకుంది.

"ఏదున్నా దాచకుండా చెప్పండమ్మా," అన్నాడు రావు. "సిద్ధపడే వచ్చాను."

డాక్టరమ్మ తలెత్తి నవ్వింది.

"మీ కళ్లకు ఏ లోపమూ లేదండీ."

బొగ్గు దుమ్ముతో రోజూ రుద్ది రుద్ది మసకబారిన నల్లగాజు పలక, దానికి కలపడంతో అంకె ఎక్కువ చూపిన మీటరు, సుల్తానాబాద్ దాటిన మూడు లారీలు రావు కళ్ల ముందు వరసగా నిలిచాయి.