ముందే మొరిగే కుక్క

డంకన్ ఒక్కసారి మొరిగింది. అంతే, కాఫీ తాగుతున్న మార్విన్‌ని ముగ్గురు కలిసి పట్టుకుని నేలమీద పడుకోబెట్టేశారు.

"కదలకండి మార్విన్ గారూ," అంది హోటల్ యజమానురాలు లోరెట్టా, ఆయన తల కింద దిండు దోపుతూ. "మీ కుక్క చెప్పేసిందిగా. అంబులెన్స్ వచ్చేస్తోంది."

డంకన్ మొరిగింది పక్క టేబుల్ మీది బేకన్ ముక్కల్ని చూసి. ఆ సంగతి మార్విన్‌కి తెలుసు, డంకన్‌కి తెలుసు. పైకి చెప్పే దారే లేదు. స్నాతకోత్సవం వారంలో ఆ కొండ ఊళ్లో గది దొరకడమే గగనం. దొరికిన ఈ ఒక్క హోటల్లోకీ రోగులకు సాయపడే కుక్కల్ని తప్ప వేరే కుక్కల్ని రానివ్వరు. అందుకే అలాంటి కుక్కలకు వేసే ఎర్రకోటు ఇంటర్నెట్‌లో కొని, నిన్న డంకన్‌కి తొడిగి, "నాకు ఫిట్స్ వచ్చేముందు మొరిగి చెబుతుందండీ," అని తడుముకోకుండా అబద్ధమాడేశాడు.

పదింటికి కాలేజీ పచ్చికలో కూతురు టెస్సా పట్టా అందుకోవాలి. అది కళ్లారా చూడటానికే రెండు రాష్ట్రాలు దాటి కారు నడుపుకుంటూ వచ్చాడు.

"నాకేం కాలేదండీ, లేవనివ్వండి," అన్నాడు.

"అందరూ అలాగే అంటారు," అంటూ ఒకావిడ ఆయన కాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంది.

అంబులెన్స్‌లో స్ట్రెచర్‌కి బెల్టులు బిగించి, డంకన్‌నీ పక్కనే ఎక్కించాక ఇక లాభం లేదని మార్విన్ నిజం కక్కేశాడు. "నాకు ఫిట్సూ లేవు, పాడూ లేవయ్యా. గది కోసం అబద్ధమాడాను. ఇది వట్టి తిండిపోతు కుక్క."

"అలాగే సార్, అలాగే," అన్నాడు అటెండెంట్, పసిపిల్లాణ్ణి బుజ్జగిస్తున్నట్టు. "మా మామయ్య కూడా ఫిట్స్ వచ్చేముందు ఇలాగే పొంతన లేకుండా మాట్లాడతాడు."

అతని జేబులోని శాండ్‌విచ్ వాసన తగిలి డంకన్ మళ్లీ మొరిగింది. అటెండెంట్ బెల్టు మరికాస్త బిగించాడు.

కిటికీలోంచి కాలేజీ పచ్చిక, దాన్నిండా తెల్లకుర్చీలు కనిపించి వెనక్కి పోయాయి. మార్విన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. నోరు విప్పితే రోగం ముదిరిందంటారు, ఊరుకుంటే స్పృహ తప్పిందంటారు.

ఆస్పత్రిలో నర్సు మంచానికి రెండువైపులా కమ్మీలు పైకెత్తింది. "డాక్టర్ గారు చూసేదాకా దిగడానికి లేదు. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది."

"పదింటికి మా అమ్మాయి..."

"అమ్మాయిగారికి మీ హోటలావిడ కబురు చేసిందట. కంగారు పడకండి, కంగారు మీకు మంచిది కాదు."

అంతలో టెస్సా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒంటిమీద నల్లగౌను, చేతిలో టోపీ, మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమెను చూడగానే మార్విన్ గుండె చెరువైంది. తన అబద్ధం చివరికి పిల్ల పట్టాకే అడ్డం పడిందన్నమాట.

"నాకేం జబ్బు లేదు తల్లీ. గది కోసం నాటకమాడాను. నువ్వు నా దగ్గర కూర్చోకు, పో. ఇంకా టైముంది. నీ పేరు పిలిచేవేళకి నువ్వక్కడ ఉండాలి."

"నిజంగా ఏం లేదా నాన్నా?"

"ఒట్టు. నా సిగ్గుమాలిన పని తర్వాత తిడుదువుగాని, ముందు పరిగెత్తు."

టెస్సా కదల్లేదు. పెద్దగా ఊపిరి వదిలి నేలమీద చతికిలబడింది. డంకన్ మెడ చుట్టూ చేతులు వేసి, దాని నెత్తిమీద ముద్దుపెట్టుకుంది.

"ఇవాళ నువ్వు అక్కడికి రాకుండా ఏదైనా అడ్డంపడితే బావుండని తెల్లవార్లూ దేవుడికి మొక్కుకున్నాను నాన్నా," అంది తలెత్తకుండానే. "కాలేజీ మానేసి ఏడాదైంది."