పాయసం షాట్

"బాబాయ్, నవ్వకండి. భిక్షువులు నవ్వరు," అంది గీతిక.

వరసలో అందరికంటే ముందు నిలబడ్డ మనిషి ఆమె వైపు చూశాడు.

"నవ్వరా బిడ్డా?"

"నవ్వరు."

ఆయన నవ్వడం మానేశాడు.

ఫిల్మ్‌నగర్ కొండ మీద ఖాళీ స్థలం. రావిచెట్టు కింద బుద్ధుడి బొమ్మ. గుండు చేయించుకుని, కాషాయం కట్టిన జూనియర్ ఆర్టిస్టులు గిన్నెలతో నిలబడ్డారు. తీస్తున్నది బుద్ధపూర్ణిమ సీను. సెంటిమెంటు కోసం డైరెక్టర్ ఆ పండగ రోజునే షూటింగ్ పెట్టాడు. హీరోయిన్ పూజిత గిన్నెల్లో పాయసం పోయాలి, వాళ్లు తినాలి.

అసిస్టెంట్ డైరెక్టర్ గీతికకు ఒక షాట్ మొత్తం అప్పగించడం ఇదే మొదటిసారి. భోజనాల వేళకు పూజిత వెళ్లిపోతుంది. ఆలోగా షాట్ రాకపోతే గీతిక మళ్లీ క్లాప్ బోర్డు పట్టుకోవాల్సిందే.

"పాయసమే ఎందుకమ్మా? లడ్డూలైతే ఒలకవు గద," అంది వంట చేసే కౌసల్య, గిన్నె దించుతూ.

"సుజాత అనే ఆవిడ పెట్టింది పాయసమే, కౌసల్యక్కా. తిండి మానేసి ఎముకలు తేలిన సిద్ధార్థుడికి. అది తిన్నాక, ఈ పున్నమి రాత్రే ఆయన బుద్ధుడయ్యాడు."

"పుట్టింది గూడ ఈ పున్నమికే," అన్నాడు ముందున్న మనిషి. "పోయింది గూడ."

గీతిక స్క్రిప్టు కాగితాల్లోంచి తల ఎత్తింది.

"మూడూ ఒకే పున్నమికా? పోవడం ఎలా పోయారు?"

"చుందుడని ఒక కమ్మరి. ఇంటికి పిలిచి అన్నం పెట్టిండు. అది తిన్నంకనే జబ్బు పడ్డడు."

"అయ్యో. మరి ఆ చుందుడిని ఏం చేశారు?"

కారవాన్ తలుపు తెరుచుకుంది. పూజిత దిగింది.

"మేడం వచ్చింది! అందరు సైలెంట్!" అని అరిచాడు తిరుమలేశ్. జూనియర్ ఆర్టిస్టులను తెచ్చేది అతనే.

కెమెరా తిరిగింది. పూజిత మొదటి గిన్నెలో పాయసం పోసింది. ఆ మనిషి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగాడు.

పూజిత రెండో గిన్నె వైపు గరిటె చాపింది. ఆయన ఆ గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరు తినకుండ్రి."

"కట్! ఏంటి బాబాయ్ ఇది? మీకు డైలాగ్ లేదు!"

ఆయన వినలేదు. పూజిత దగ్గరున్న పాయసం గిన్నె తీసుకుని చెట్టు మొదట్లోకి వెళ్లాడు. చేత్తో మట్టి తవ్వాడు. పాయసమంతా గుంటలో పోసి, మట్టి కప్పాడు.

"పిచ్చా మీకు? షాట్ పోయింది! ఎందుకు పారబోశారు?"

ఆయన కౌసల్య వైపు ఒకసారి చూశాడు.

"నన్నే అను బిడ్డా," అన్నాడు.

పూజిత వాచీ చూసుకుంది. "సారీ గీతికా, నాకు ఇంకో కాల్షీట్ ఉంది." కారు కొండ దిగింది.

"మీరూ వెళ్లండి. ఈ సెట్‌లో మళ్లీ కనపడొద్దు," అంది గీతిక. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వడ్డిస్తున్నారు. అన్నం తిని వెళ్లండి."

"పొద్దు నడినెత్తి దాటింది. ఇగ రేపే తినుడు."

"అలిగితే మీ ఇష్టం."

ఆయన కౌసల్య దగ్గర ఆగి ఏదో చెప్పి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గీతిక డైరెక్టర్ నంబర్ నొక్కబోతుంటే కౌసల్య ఖాళీ గిన్నెతో వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ పెద్దమనిషిని తిట్టకమ్మా. తప్పు నాది. పాయసం పులిసింది."

"ఏంటి?"

"యాలకుల వాసనకు తెల్వలే. ఇప్పుడే అడుగున అంటింది నాకి చూసిన. పొద్దుగాల వండుతనంటే నువ్వే రాత్రి వండుమంటివి. ఎండలకు ఆగలే."

గీతిక వరస వైపు చూసింది. వాళ్లు ఆకుల ముందు కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నారు. ఒకడు ఇంకొకడి గుండు మీద తట్టి నవ్వుతున్నాడు.

"ఆయన నీకేం చెప్పాడక్కా?"

"చుందుణ్ని ఎవరు ఒక్క మాట అనొద్దని చెప్పి పోయిండట బుద్ధుడు. సుజాత పెట్టింది, చుందుడు పెట్టింది రెండు సమానమే అన్నడట. ఫికర్ చెయ్యకు తల్లీ, ప్రేమతోనే పెట్టినవ్ అన్నడు."

గీతిక రోడ్డు మలుపు దాకా పరుగెత్తింది. ఆటోలు పోతున్నాయి. ఆయన లేడు.

తిరిగొచ్చి తిరుమలేశ్‌ని పట్టుకుంది.

"ముందు నిలబెట్టావే, ఆయన ఫోన్ నంబరివ్వు. క్షమాపణ చెప్పాలి. రేపు షాట్ దొరికితే ఆయనే ముందుండాలి."

తిరుమలేశ్ కలుపుతున్న ముద్ద ఆకులోనే వదిలేశాడు.

"నా దగ్గర ఏడుంటది మేడం? మావోడొకడు ఇయ్యాల రాలే. గీయన పొద్దుగాల గుండుతోని, కాషాయం కట్టుకొని, గిన్నె పట్కొని, ఒక్కో ఇంటి ముందు మాటా పలుకు లేకుండ నిలబడుకుంటా పోతుండు. మావోడే సెట్ దొర్కక తిరుగుతుండనుకొని నేనే చెయ్యి పట్కొని తీస్కొచ్చిన."