కాశీలో వదిలింది

మనవల సెలవులకని బెజవాడ వచ్చి, వన్‌టౌన్ సందుల్లో ఎండకు మాడి, చివరికి ఒక గోడచాటున చెరుకురసం బండి కనిపెట్టాం. నేను గ్లాసు అందుకోబోతే మా అబ్బాయి హేమసుందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, నిరుడు కాశీలో చెరుకురసం వదిలేశావు!"

"ఇష్టమైనదొకటి వదలాలని పంతులుగారంటే, ఆ పేరు చెప్పింది నువ్వు. నన్నడిగావా?"

"నీకిష్టం అదేగా!"

వాడి చెయ్యి తప్పించి, గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాను.

"నాకు ప్రాణం కాకరకాయ వేపుడురా. గంగలో మునిగి దాన్నే వదిలాను."

"మరి చెప్పలేదేం?"

"ఏడాదిగా మీ ఆవిడ అది వడ్డించబోయినప్పుడల్లా కంచానికి చెయ్యి అడ్డం పెడుతూనే ఉన్నాను. పక్కనే కూర్చుని తింటున్నావు, కనపడుతుందనుకున్నాను. ఇంకో గ్లాసు చెప్పు. ఐసు వెయ్యొద్దను."