పేజీ మూయించిందెవరు?

పేజీ మూతపడి మూడో రోజు. కళ్ళజోళ్ళ దుకాణం యజమాని అద్దాలు అరగదీసే యంత్రం ఆపేసి, ఫోనులో ఐదోసారి అప్పీలు పెట్టాడు. నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది. నియమాలు ఉల్లంఘించినందున పేజీని పునరుద్ధరించలేమట. ఐదుసార్లూ అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. కడుపారా తిడదామంటే అవతల మనిషన్నవాడే లేడు.

తొలిపొద్దు సంఘానికి వ్యతిరేకంగా అతను నడిపే పేజీ అది. పొద్దున్నే సూర్యుడికెదురుగా కూర్చుంటే ఏ రోగమైనా పోతుందనీ, మాత్రలు పారేయమనీ చెప్పే సంఘం. అతని చెల్లెలు ఫిట్స్ మాత్రలు చెత్తబుట్టలో పడేసి వాళ్ళ ఆవరణలోకి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి రోజుకో పోస్టు. చదివేవాళ్ళు నలభై వేలమంది. సంఘంవాళ్ళే కట్టకట్టుకుని ఫిర్యాదులు చేసి మూయించారని అతని నమ్మకం.

అంతలో ఓ టీచరమ్మ వచ్చి, కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే మెట్లు పైకి లేస్తున్నాయంది. కొత్తలో అలాగే ఉంటుందని ఆమె మీద విసుక్కున్నాడు. భార్య కళ్ళజోడు తీసుకుని చూసింది. ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించి ఉంది. సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తామని చెప్పి టీచరమ్మని పంపేసి, మొగుడి వైపు తిరిగింది.

"మూడ్రోజుల్నుంచి పలకరిస్తే చాలు కరుస్తున్నారు. కాసేపు ఆ ఫోను పక్కన పడేయండి."

"పక్కన పడేస్తే చెల్లెల్ని ఎవరు తీసుకొస్తారు?"

భార్య టీచరమ్మ కళ్ళజోడు తీసుకుని అద్దాలు ఊడదీయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దుకాణం తలుపు తోసుకుని ఒకామె లోపలికొచ్చింది. మెడ ఎముకలు బయటపడ్డాయి. చేతిలో ఓ గుడ్డసంచి. బేరమేమో అనుకుని కూర్చోమన్నాడు. తలెత్తి చూస్తే చెల్లెలు.

భార్య పరుగున వచ్చి ఆడపడుచుని వాటేసుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఫిట్స్ వస్తున్నాయా అని అతను అడిగాడు. పోయిన నెలలో నాలుగుసార్లు వచ్చాయంది చెల్లెలు. సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"నా పోస్టులు నీ దాకా వచ్చేవా తల్లీ?"

"రోజూ వచ్చేవి."

విన్నావా అన్నట్టు భార్య వైపు చూశాడు. మూడు రోజుల ఉడుకుమోత్తనం ఒక్కసారిగా దిగిపోయింది. పేజీ తిరిగి రానీ, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి వీడియో చేస్తానన్నాడు.

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది.

"పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టి సంఘం పెద్దాయన నీ పోస్టు చదివించేవాడు. ఆ తర్వాత దాని కింద జనం రాసినవి. బయటికెళ్తే మీకు దొరికే మర్యాద ఇదే అనేవాడు. 'ఈ పిచ్చిది తిరిగొస్తే గడప తొక్కనివ్వకండి' అని ఎవరో రాశారు. దానికి నువ్వు లైకు కొట్టావు."

అతనికి గుర్తు లేదు. రోజుకి వందల లైకులు కొట్టేవాడు, సగం చదవకుండానే.

"నాకొక్క ముక్క రాయొచ్చుగా. ఫోను లేదా అక్కడ?"

"పెద్దాయన వీడియోలు అందరికీ పంపడానికి రోజూ గంటసేపు ఇచ్చేవాళ్ళు. నీకు రాస్తే మర్నాడే పోస్టు పెట్టేసేవాడివి. వాళ్ళకి తెలిసిపోయేది."

ఎటు పోవాలో తెలియని కోపం మళ్ళీ పేజీ దగ్గరికే వచ్చి ఆగింది. ఏదేమైనా ఆ ఫిర్యాదులు చేసినవాళ్ళని వదిలిపెట్టను, ఒక్కొక్కరినీ కోర్టుకి లాగుతానన్నాడు.

చెల్లెలు అతని చేతిలోని ఫోను తీసి బల్ల మీద బోర్లించింది.

"అవి చేసింది మేమే అన్నయ్యా. బయటికి రావాలని ఉన్న ఇరవైముగ్గురం."